లెక్క చెప్పే పెద్దరికం

పల్లెలో జీతం లేని పనులు ఎప్పుడూ ఉన్నాయి. వానాకాలంలో చెరువు కట్ట మీద రాత్రి కాపలా కాయడం, జాతరకు చందాలు పోగుచేయడం, పాడె మోయడం, అన్నదమ్ముల గట్టు తగవు తేల్చడం, వీటికి ఎవరూ కూలి అడగరు. వీటిని నడిపించేవాళ్లూ ఎప్పుడూ ఉన్నారు. కాకపోతే నడిపించే వంతు ఎవరిదో చాలావరకు పుట్టుకతోనే తేలిపోయేది. భూమి, కులం, వయసు ఉన్నవాళ్లు పెద్దమనుషులు. మిగిలినవాళ్లు పిలిస్తే వచ్చేవాళ్లు. ఊరి బాగు కోసం మాట్లాడే హక్కు రచ్చబండ మీద కూర్చునేవాళ్లది, కింద నిలబడి వినడం మిగతావాళ్ల పని. స్వచ్ఛంద నాయకత్వం ఇందుకు భిన్నమైన సంగతి. పదవి, ఆస్తి, పార్టీ అండ లేని ఆడవాళ్లు, మగవాళ్లు, పడుచువాళ్లు ఊరికి కావలసిన పనిని తమంతట తాము నెత్తిన వేసుకుని, పదిమందిని కూడగట్టి చివరిదాకా నడిపించడం. ఇది పుట్టుకతో వచ్చేది కాదు, నేర్చుకుంటే వచ్చేది. ఎక్కడ, ఎలా నేర్చుకుంటారన్నదే తేలాల్సిన విషయం.

శిక్షణ ఇస్తే వస్తుందని చాలామంది నమ్మకం. మండల కేంద్రంలో హాలు, వెనక ఫ్లెక్సీ, తలా ఒక నోటుపుస్తకం, పెన్ను, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం గ్రూపు ఫోటో. ఇవి దండగ అనలేం. పక్క ఊరివాళ్లతో పరిచయమైనా కలుగుతుంది. కానీ తెలుగు పల్లెల్లో 1980ల నుంచి ఇప్పటిదాకా ఎదిగివచ్చిన నాయకుల దారి చూస్తే, హాలులో మొదలైనవాళ్లు బహు తక్కువ. చాలామందికి ముందు పని చేతికొచ్చింది, పని కష్టమయ్యాక శిక్షణ అవసరం తెలిసింది. అదీ ఎలాంటి పని? ఫలితాన్ని ఇరుగుపొరుగు తమ కళ్లతో చూసి, తమ లెక్కతో సరిచూసుకోగలిగిన పని.

నెల్లూరు జిల్లాలో 1991లో మొదలైన అక్షరాస్యత ఉద్యమం ఇందుకు తొలి పెద్ద ఉదాహరణ. జాతీయ సాక్షరతా మిషన్ లెక్క ప్రకారం పదిమంది వయోజనులకు ఒక వాలంటీరు చదువు చెప్పాలి. వాలంటీరంటే ఆ ఊళ్లోనే పదో తరగతో ఇంటరో చదివిన కుర్రాడు, లేదా పెళ్లికి ముందు ఇంట్లో ఉన్న అమ్మాయి. జీతం లేదు. పగలంతా నాట్లకో కలుపుకో పోయివచ్చిన తల్లుల వయసు ఆడవాళ్లను రాత్రి పూట దీపం ముందు కూర్చోబెట్టి పలక పట్టించాలి. పద్దెనిమిదేళ్ల పిల్ల నలభై ఏళ్ల ఆమె తప్పు దిద్దాలి, కానీ ఆమె మనసు నొచ్చుకోకూడదు. రెండు రోజులు రాకపోతే ఇంటికి వెళ్లి అడగాలి, అక్కడ మొగుడు తాగి తిడితే ఊరుకోవాలి. ఈ ఓర్పు, ఈ మాటతీరు ఏ కరదీపికలోనూ లేవు. ఊరూరా తిరిగే కళాజాతాల పాటలు జనాన్ని కేంద్రానికి రప్పించాయి గానీ, వచ్చినవాళ్లను నిలబెట్టింది ఈ పిల్లలే.

ఆ కేంద్రాల్లోని నవ అక్షరాస్యుల వాచకంలో సారా మీద ఒక పాఠం ఉంది. ఆడవాళ్లంతా ఏకమై ఊళ్లో సారా దుకాణం మూయించిన కథ అది. అది చదివిన దూబగుంట అనే ఊరి ఆడవాళ్లు మన ఊళ్లో ఎందుకు చేయకూడదనుకున్నారు. చేశారు. 1992 నాటికి ఆ మాట జిల్లా అంతా పాకింది. సారా వేలం పాటలు జరగకుండా ఆడవాళ్లు అడ్డం తిరిగారు, పాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. దూబగుంట ఆడవాళ్లకు ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రానికంతా తెలిసింది, దూబగుంట రోశమ్మగా. అయితే ఉద్యమాన్ని ఒక్క పేరుకు కుదించి చెప్పుకోవడం పత్రికలకు సులువు, చరిత్రకు కాదు. ఊరూరా పేరు లేని రోశమ్మలు లేకపోతే జిల్లా కలెక్టరు ఆఫీసులో వేలం ఆగేది కాదు.

ఉద్యమం వేడిలో పుట్టిన నాయకత్వం వేడి తగ్గగానే చల్లారిపోవడం మామూలే. నెల్లూరులో అలా కాలేదు. సారాకు పోయే డబ్బు మిగిలింది కనుక రోజుకో రూపాయి దాచుకోమంటూ పొదుపు లక్ష్మి అనే పథకం వచ్చింది. ఆడవాళ్లను సంఘాలుగా కూర్చేందుకు 1982లో కేంద్రం తెచ్చిన డ్వాక్రా పథకం అప్పటికే ఉంది, దానికి కొత్త ఊపు దొరికింది. పోరాడిన చేతులకే పుస్తకం, పెట్టె, తాళం అందాయి. ఇక్కడి నుంచి పల్లె నాయకత్వం చప్పుడు లేకుండా, వారం వారం జరిగే ఒక చిన్న తంతులో తయారైంది.

ఆ తంతు దగ్గర నుంచి చూడదగ్గది. గుడి అరుగు మీదో, అంగన్‌వాడీ వరండాలోనో చాపలు పరిచి పది పదిహేను మంది గుండ్రంగా కూర్చుంటారు. గుండ్రంగా కూర్చోమనడంలో కిటుకుంది. వరసలు కడితే ముందు వరస, వెనక వరస ఏర్పడతాయి, వెనక వరసలో ఎవరు కూర్చుంటారో ఊళ్లో అందరికీ తెలుసు. హాజరు వేస్తారు. ఆలస్యమైనవాళ్లకు ఐదో పదో జరిమానా. పొదుపు డబ్బు, అప్పుల కిస్తీలు చాప మధ్యలో పడతాయి, అందరూ చూస్తుండగా ఒకరు లెక్కపెట్టి పైకి చెబుతారు, మరొకరు మళ్లీ లెక్కపెడతారు. తర్వాత అసలు ఘట్టం. ఉన్న డబ్బు ఒకరికి సరిపోతుంది, అడిగేవాళ్లు ముగ్గురు. ఒకామెకు మేకలు కొనాలి, ఒకామెకు కూతురి కాలేజీ ఫీజు, ఇంకొకామెకు అత్త ఆపరేషను. ఎవరి అవసరం ముందు? ఎవరు తిరిగి కడతారు? పోయిన నెల ఎవరికి వచ్చింది? చర్చ ముదురుతుంది, పాత తగాదాలు పైకి వస్తాయి. చివరికి తీర్మానాల పుస్తకంలో రాసి, చదివి వినిపించి, సంతకాలు, వేలిముద్రలు తీసుకుంటారు. చదివి వినిపించడం మానేసిన గ్రూపు ఎక్కువ కాలం నిలవదు.

అందరికంటే గడ్డు పరీక్ష లీడరుకు. మూడు కిస్తీలు ఎగ్గొట్టింది సొంత తోటికోడలు అనుకుందాం. నలుగురిలో ఆమె పేరు చదవాలి. చదివితే ఇంట్లో వారం రోజులు మాటలుండవు, చదవకపోతే వచ్చే వారం మరో ఇద్దరు ఎగ్గొడతారు. నాయకత్వ నైపుణ్యాల పట్టికల్లో సంభాషణ చాతుర్యం, సమస్యా పరిష్కారం, బృంద నిర్వహణ అని రాసి ఉండేవన్నీ ఆ ఒక్క క్షణంలో కలగలిసి ఉంటాయి. పేరు చదివి, ‘మరిదికి పనిలేదని అందరికీ తెలుసు, కానీ డబ్బు పదిమందిది, సంక్రాంతిలోగా రెండు కిస్తీలైనా కట్టు’ అనగలిగిన ఆడది రేపు గ్రామసభలో సర్పంచిని బోరింగు సంగతి అడగగలదు. ఆ తర్వాత బ్యాంకు మేనేజరును, ఎమ్మార్వోను కూడా.

సంఘాలు పాటించాల్సిన వాటికి పంచసూత్రాలని పేరు. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, సంఘంలోపల అప్పులివ్వడం, సకాలంలో తిరిగి కట్టడం, ఎప్పటికప్పుడు పుస్తకాలు రాయడం. నాయకత్వమన్న మాట ఈ ఐదింటిలో ఎక్కడా కనబడదు. ఈ ఐదూ నడిపించగలిగినవాళ్లను వేరే పరీక్ష పెట్టి ఎంచాల్సిన పని లేకపోవడమే కారణం కావచ్చు. పుస్తకాలు రాయడంలో మాత్రం పడుచువాళ్ల సాయం కావలసివచ్చింది. చాలా గ్రూపుల్లో మొదట సభ్యుల పిల్లలే లెక్కలు రాసిపెట్టారు. అమ్మలు చెబుతుంటే పిల్లలు రాశారు. ఊరి ఆర్థికం ఎలా నడుస్తుందో ఆ పిల్లలకు ఏ బడిలోనూ అంత బాగా తెలిసి ఉండదు. కొందరు ఆ దారినే సంఘాల లెక్కలు చూసే యానిమేటర్లయ్యారు.

1996లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో సంఘాలను ఊరి స్థాయిలో, మండల స్థాయిలో సమాఖ్యలుగా ముడివేశారు. 2000లో పేదరిక నిర్మూలన సంస్థ ‘సెర్ప్’ ఏర్పడి, వెలుగు పేరుతో ఆ పద్ధతిని విస్తరించింది. తర్వాత అదే ఇందిరా క్రాంతి పథం అయింది. ఈ క్రమంలో తెలుగు పల్లెలు కనిపెట్టిన మంచి పద్ధతి ఒకటుంది. కొత్త ఊళ్లో సంఘం పెట్టాలంటే అధికారిని పంపరు. పాత ఊళ్లో సంఘం నడిపి అప్పుల ఊబిలోంచి బయటపడ్డ ఆడవాళ్లను నలుగురైదుగురిని పంపుతారు. వాళ్లను కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లు అన్నారు, ఊళ్లలో సీఆర్పీలు. రెండు వారాలు ఆ ఊళ్లోనే మకాం. పేదల వాడల్లో ఇల్లిల్లూ తిరుగుతారు. చెప్పేది పథకం కాదు, తమ కథ: నగలు ఎలా తాకట్టు పడ్డాయి, వడ్డీ వ్యాపారికి ఎన్నేళ్లు కట్టారు, మొదటి అప్పుతో గేదెను ఎలా కొన్నారు. విన్నామె ముందు నమ్మదు. మర్నాడు మళ్లీ వస్తారు.

చెప్పేవాళ్లకే ఈ పద్ధతిలో లాభం ఎక్కువేమో. తన ఊళ్లో అలవాటుగా చేసిన పనిని మరొకరికి విడమరిచి చెప్పాల్సివచ్చినప్పుడే అందులో ఏది కీలకమో ఏది కాదో తేలుతుంది. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వచ్చేటప్పటికి ఈ తెలుగు ఆడవాళ్లు బీహారు పల్లెలకూ వెళ్లారు. హిందీ రాదు. తిండి వేరు, చలి వేరు. అయినా చాప పరిచి డబ్బు మధ్యలో పెట్టి లెక్కించి చూపించడానికి భాష అంతగా అడ్డురాలేదు. ఏడో తరగతి దాటని ఆడవాళ్లు మరో రాష్ట్రానికి శిక్షకులుగా వెళ్లడాన్ని మన విద్యావేత్తలు ఇంకా సరిగా పట్టించుకోలేదు.

డబ్బు బదులు నీటిని మధ్యలో పెట్టుకున్న ప్రయోగం ఇంకొకటి. 2000లలో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) తోడ్పాటుతో రైతులే భూగర్భజలాల లెక్క రాసుకునే పథకం నడిచింది. ఊళ్లో కొందరు రైతులు, వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు, వానమాపకం చూసి రోజువారీ వాన రాయాలి, పదిహేను రోజులకోసారి ఎంచిన బోర్లలో నీటిమట్టం కొలవాలి. కొలత సాధనం చుట్టిన తీగ లాంటిది, బోరులోకి వదిలితే కొస నీటిని తాకగానే మోగుతుంది. బోరు పోసే నీటిని డ్రమ్ముతో, గడియారంతో లెక్కగట్టాలి. ఆ అంకెలు ఊరి మధ్య బోర్డు మీద రాయాలి. ఈ పనికి కూలి లేదు. రబీకి ముందు అందరూ కూర్చుని ఎంత నీరుంది, ఏ పంటకు ఎంత కావాలన్న బడ్జెట్ వేసుకునేవాళ్లు. ఎవరేం వేయాలో ఎవరూ శాసించలేదు. లెక్క ఎదురుగా ఉంది, వరి వేసుకునేవాడు వేసుకోవచ్చు. కానీ బోర్డు మీద అంకె చూసి కూడా వరి వేసేవాడికి పక్క రైతు చూపు తప్పదు.

ఇక్కడ నాయకుడికి గొంతు అక్కర్లేదు. సభలో నోరు పెగలని మనిషి కూడా పదిహేను రోజులకోసారి తప్పకుండా తీగ వదిలి అంకె సరిగా రాస్తే ఊరు అతన్ని నమ్ముతుంది. వానమాపకం దగ్గర అబద్ధం చెప్పడం కష్టం, వాన అందరి చేలోనూ పడుతుంది. మాటకారినే నాయకుడనుకునే మన అలవాటుకు ఇది మంచి విరుగుడు.

పడుచువాళ్ల సంగతి వేరుగా చూడాలి. వాళ్లకు నాయకత్వం నేర్పాలని ప్రభుత్వాలు చాలా కాలంగా అనుకుంటున్నాయి. జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) 1969లో, నెహ్రూ యువ కేంద్రాలు 1972లో మొదలయ్యాయి. ఎన్‌ఎస్‌ఎస్ ప్రత్యేక శిబిరమంటే కాలేజీ పిల్లలు ఊళ్లో వారం రోజులు ఉండి వీధులు ఊడ్చి, మొక్కలు నాటి వెళ్తారు. పిల్లలకు ఊరు తెలుస్తుంది. ఊరికి మిగిలేది ఆ మొక్కలకు ఎవరైనా నీళ్లు పోస్తేనే. దీనికంటే గట్టి సంప్రదాయం మనకు ముందే ఉంది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడ్డాక అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల ప్రోద్బలంతో ఊరూరా పఠన మందిరాలు లేచాయి. 1935లో పాతూరి నాగభూషణం కాలువ మీద పడవ గ్రంథాలయమే నడిపించారు. పల్లె గ్రంథాలయాల్లో పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే పని, చందా వసూలు, రాత్రిబడి, ఇవన్నీ చాలాచోట్ల ఊరి కుర్రాళ్ల చేతిలో ఉండేవి. స్వాతంత్ర్యోద్యమానికి పల్లె కార్యకర్తలు ఆ గదుల్లోంచి వచ్చారు. ఆ గదుల తాళంచెవి కుర్రాళ్ల చేతికివ్వడం చిన్న విషయం కాదు.

ఇప్పటి ఊళ్లలో కుర్రాళ్ల చేతికి పూర్తిగా వచ్చే పని ఏడాదికి ఒకటే, వినాయక చవితి పందిరి. పెద్దలు దాన్ని అల్లరిగా కొట్టిపారేస్తారు గానీ, అందులో ఉన్న పని తక్కువేమీ కాదు. ఇంటింటా చందా అడగాలి, ఇవ్వనివాళ్లతో గొడవ పడకూడదు. విగ్రహం బేరమాడాలి, పోలీసు అనుమతి, కరెంటు కనెక్షను తేవాలి, మైకు మోత మీద ముసలివాళ్ల ఫిర్యాదు సర్దాలి, రోజూ ప్రసాదం ఎవరిదో వంతులు వేయాలి, నిమజ్జనం రోజు ట్రాక్టరు దారి, పిల్లల భద్రత చూసుకోవాలి. హైదరాబాద్ పక్కన బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలతో మొదలైన లడ్డూ వేలం డబ్బు ఊరి పనులకే పోతోంది. పందిరి ఎత్తేశాక జమాఖర్చులు కాగితం మీద రాసి గోడకు అంటించే కమిటీకీ, అంటించని కమిటీకీ తేడా మరుసటి ఏడు చందాల్లో తెలిసిపోతుంది. లోపం ఒకటే. పందిరిలో ఆడపిల్లల వంతు ముగ్గు దగ్గర, హారతి పళ్లెం దగ్గర ఆగిపోతుంది. తెలంగాణలో బతుకమ్మను ఆడవాళ్లే నడిపించుకుంటారు, కానీ చందా పుస్తకం అక్కడ కూడా తరచు మగవాళ్ల జేబులోనే ఉంటుంది.

పందిరి కట్టినవాళ్లకు మంచినీళ్ల ట్యాంకు శుభ్రత, బడి గ్రంథాలయం, ఊరి రక్తదాతల పట్టిక అప్పగించడానికి పెద్దలకు మనసొప్పదు. ‘పిల్లకాయలకేం తెలుసు’ అంటారు. రెండేళ్లు ఈ మాట విన్నాక పిల్లకాయలు ఊరి గురించి ఆలోచించడం మానేస్తారు, అప్పుడు ‘ఈ కాలం పిల్లలకు బాధ్యత లేదు’ అని అదే నోరు అంటుంది. తప్పు చేసే వీలు కూడా పనితో పాటే ఇవ్వాలి. పదివేల రూపాయలిచ్చి, మూడు నెలల తర్వాత గ్రామసభలో లెక్క చెప్పమంటే సరిపోతుంది. లెక్క తేడా వస్తే అందరి ముందూ ఒప్పుకోవాల్సిందే. మరో ఇబ్బంది, ఇంటరు అయ్యేసరికి సగంమంది ఊళ్లో ఉండరు. హైదరాబాదుకో బెంగళూరుకో పోయినవాళ్లు దసరాకు, సంక్రాంతికి వస్తారు. వాళ్లకు ఆ సెలవుల్లో తెమిలే పనులు, దూరం నుంచి వాట్సాప్‌లో చేయగల లెక్కలు అప్పగించుకోవాలి. రోజువారీ పని ఊళ్లో ఉండేవాళ్లదే.

స్వచ్ఛంద నాయకత్వానికి చెడే గుణం కూడా ఉంది. ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలోని గ్రామాభివృద్ధి కమిటీలు చట్టంతో పని లేకుండా ఊరి వనరులతో గుళ్లు, రోడ్లు, చెరువు పనులు చేయించిన చరిత్ర ఉన్నవి. వాటిలో కొన్ని జరిమానాలు విధించడం, మాట వినని కుటుంబాలను సాంఘికంగా బహిష్కరించడం దాకా వెళ్లి పోలీసు కేసులయ్యాయి. జీతం తీసుకోని పెద్దమనుషులే వాళ్లంతా. జీతం లేకపోవడం ఒక్కటే మంచితనానికి పూచీ కాదు, అడిగేవాళ్లుండాలి. మహిళా రిజర్వేషన్‌తో గెలిచిన సర్పంచి కుర్చీలో భర్త కూర్చోవడం కూడా ఆ కోవలోదే.

డబ్బు ముడి కూడా తేలికగా విడేది కాదు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 50 ఇళ్లకు ఒకరు చొప్పున నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనంతో వాలంటీర్లను నియమించింది. వాళ్లు పింఛను ఇంటికి తెచ్చిచ్చారు, కాగితం పనులు చేసిపెట్టారు. కానీ వాళ్లు జవాబు చెప్పుకోవలసింది తమను నియమించిన ప్రభుత్వానికి, పక్కింటివాళ్లకు కాదు. అది వేరే రకం ఉద్యోగం, దాన్ని ఆ లెక్కలోనే తూచాలి. మరోవైపు, కూలి పోగొట్టుకుని సమావేశానికి వచ్చే ఆడదానికి సేవ ఉచితం కాదు, ఆమె ఇంట్లో ఆ పూట తక్కువవుతుంది. వెలుగు సీఆర్పీలకు దినభత్యం, ప్రయాణ ఖర్చులు సమాఖ్యల ద్వారానే అందేవి. ఎంత ఇచ్చారన్నదాని కంటే ఎవరు ఇచ్చారన్నది ముఖ్యం. ఇచ్చినవాళ్లే లెక్క అడుగుతారు.

ఇక దిగిపోవడం. సంఘాల్లో ఏడాదికో రెండేళ్లకో లీడర్లను మార్చాలన్నది నియమం, అంతగా అమలు కాని నియమం. మొదటి లీడరుకు చదువొచ్చు, బ్యాంకులో ముఖపరిచయముంది, పని తెలుసు. ‘నువ్వే ఉండక్కా, మాకు తెలియదు’ అని మిగతావాళ్లే బతిమాలతారు. పదేళ్లు గడిచేసరికి తెలిసినామె ఒక్కతే, తెలియనివాళ్లు తొమ్మిదిమంది. వరంగల్ దగ్గరి గంగదేవిపల్లి దీనికి ఒక దారి చూపింది. 1995లో పంచాయతీ మొత్తం ఆడవాళ్ల చేతికి వచ్చిన ఊరు అది. తాగునీరు, చదువు, ఆరోగ్యం, చివరికి కేబుల్ టీవీకి కూడా అక్కడ వేరువేరు కమిటీలు పెట్టుకున్నారు. పని ముక్కలైతే నాయకులు ఎక్కువమంది కావాలి. ఒకరు పోయినా ఊరు ఆగదు.

మార్పు చేసేటప్పుడు పాటించాల్సినవి చిన్నవే, తప్పించుకునేవీ అవే. కొత్త లీడరు రెండు మూడు నెలలు పాతామె పక్కన కూర్చుని చూడాలి. పెట్టెలో నగదు అందరి ముందూ లెక్కించి అప్పగించాలి, పుస్తకంలో ఇద్దరూ సంతకం చేయాలి. బ్యాంకులో సంతకాలు మార్చే కాగితం ఆ వారమే ఇవ్వాలి. ఆలస్యమైతే చెక్కు మీద పాత సంతకమే పోతూంటుంది, పెత్తనమూ దానితోనే పోతుంది. ఆ తర్వాతి సమావేశాల్లో కొత్తామె కూడిక తప్పు చెప్పినా పాతామె నోరు కట్టుకుని, పక్కవాళ్లు కనిపెట్టేదాకా ఆగాలి. పాతామె ఆలస్యంగా వస్తే జరిమానా కొత్తామే వేయాలి, పుస్తకంలో ఆ పది రూపాయలు రాయాలి.